వత్తన్నాను

4 మే 2008, ఆదివారం

చర్చి నుంచి నేరుగా ఇంటర్నెట్ సెంటర్‌కి. మళ్ళీ అదే మిషన్, మళ్ళీ చచ్చాం. పదకొండోసారి. గట్టు దాటకుండానే కంప్యూటర్ సైనికులు నలుగురినీ లేపేశారు. టీమ్ లీడర్ని నేను. కన్నబాబు మెషిన్‌గన్, త్రినాధరావు స్కౌట్, తారక్ మెడిక్. ఎవడి రోల్ వాడికి తెలుసు, ఎవడూ చెయ్యడు. మెడిక్కేమో అందరికంటే ముందు పరిగెడతాడు. వాణ్ణి నమ్ముకుని గాయపడే కంటే చావడమే నయం.

కృపానిధి బావ సెలవు మీద వచ్చి వారమైంది. సుజి అక్క మొగుడు. నిజం జవాను, అడవి డ్యూటీ. అతనితో కోచింగ్ ఇప్పిస్తే? అక్కని అడిగితే వెంటనే తీసుకుపొమ్మంది. ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడట.

6 మే

బావ వచ్చాడు. మౌస్ ముట్టుకోలేదు, వెనక నిలబడి చూశాడు. చూసి చూసి, మీది టీమ్ కాదు, కొత్తమావాస్య తీర్థంలో తోపులాట అన్నాడు. నలుగురూ ఒకేసారి కదలకూడదట. ఇద్దరు కదులుతుంటే ఇద్దరు కాల్చాలి. కాల్చేది చంపడానికి కాదు, అవతలివాడు తల ఎత్తకుండా. మెషిన్‌గన్ ఎడమ పక్కన ఇంకొకడుండాలి, నంబర్ టూ. తూటాలు అందిస్తూ, గన్నర్ చూడని వైపు చూస్తుంటాడు. చోటు మారేవాడు ముందు అరిచి చెప్పాలి. తారక్‌ని మెడిక్ నుంచి పీకేసి నంబర్ టూ చేశాడు.

గట్టు దాటేశాం.

నీ రోల్ ఏమిటని అడిగితే నంబర్ టూ అన్నాడు. మరి గన్నర్ ఎవరంటే, టీ తాగుదాం పద అన్నాడు.

9 మే

తారక్ గన్ పక్క నుంచి లేచి చెట్ల వైపు వెళ్ళాలి. కదిలే ముందు అరిచాడు, వత్తన్నాను అని. మన వైపు గడప దాటేటప్పుడు వస్తున్నానంటాం గానీ వెళ్తున్నానని ఎవడంటాడు? అలా అంటే మా అమ్మ నోటి మీద కొడుతుంది. కన్నబాబేమో వీడు తన గన్ ముందుకే వస్తున్నాడనుకున్నాడు. తగులుతుందని గన్ ఆపేసి పక్కకి తిరిగాడు. ఇద్దరూ పోయారు. మేం పడీ పడీ నవ్వాం.

బావ కుర్చీని తన్నాడు. తారక్ కాలర్ పట్టుకున్నాడు. వదిలేసి, బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. నాకు భయమేసింది. పక్కన కూర్చున్నాక చెప్పాడు. అతని గన్నర్ పేరు అప్పలరాజు, ఊరు రోలుగుంట. బెటాలియన్‌లో అందరితోనూ హిందీయే, వీళ్ళిద్దరి మధ్య మాత్రం మన మాట. ఫిబ్రవరిలో కాల్పులు జరిగాయి. బావని బండ వెనక్కి మారమని ఆర్డర్. ఆ క్షణాన హిందీ నోటికి రాలేదు.

"వత్తన్నాను అన్నాన్రా. ఆడు గన్నాపీసి తల పైకెత్తేడు. అంతే, పోయేడు."

ఆ మాట అప్పలరాజు అమ్మకి చెప్పాలనే సెలవు పెట్టాడు. పన్నెండు రోజుల్లో రెండుసార్లు రోలుగుంట బస్సెక్కి, రెండుసార్లూ దారిలో దిగిపోయాడు. ఇరవై ఐదున తిరుగు ప్రయాణం.

13 మే

ఆడలేదు.

17 మే

బావ అన్నం మానేశాడు. అప్పలరాజు అమ్మకి చెప్పకుండా డ్యూటీకి వెళ్తే ఇక తిరిగి రానని అక్కతో అన్నాడట. అక్క నా దగ్గర ఏడ్చింది. బావని నేనే తీసుకెళ్తాను. దారిలో దిగనివ్వను.

19 మే, సాయంత్రం

వెళ్ళొచ్చాం. అప్పలరాజు అమ్మ బుల్లమ్మగారు ఇంటి వెనక చెరకులో కలుపు తీస్తోంది. కొడుకు స్నేహితుడని తెలిసి కాళ్ళు కడుక్కోమని చెంబు ఇచ్చింది. బావ చెంబు పట్టుకునే అంతా చెప్పేశాడు. ఒక్క ముక్క దాచలేదు. ఆవిడ ఏడవలేదు. మళ్ళీ చెప్పమంది. ఎంత దూరం నుంచి అరిచావని అడిగింది. తర్వాత కొడవలి కింద పెట్టింది.

"ఆడికి ఎడం సెవి ఇనబడదు బాబూ. పేలుడికి పోయింది. నాకొక్కదానికే సెప్పేడు. డాక్టరుకి తెలిత్తే ఇంటికి పంపేత్తారని నేనే దాసీమన్నాను."

నీ మాట వాడి చెవిన పడే ఉండదంది. పక్కన నువ్వు కనబడక వెతకడానికి లేచుంటాడంది. అని, అక్కడే మట్టిలో కూలబడింది. బావ ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఎవరు ఎవర్ని ఓదార్చాలో నాకు తెలియలేదు. వచ్చేటప్పుడు నా ఫోన్ నంబరు గోడ మీద బొగ్గుతో రాయించుకుంది.

20 మే

బావ రెండు కంచాల అన్నం తిన్నాడు. అక్క మొహం కళకళలాడుతోంది. నేను సంతోషపడాలి. మట్టిలో కూలబడ్డ ఆవిడే గుర్తొచ్చి, అతను నములుతుంటే చూడలేకపోయాను.

25 మే

బావ రైలెక్కాడు. గడ్డం గీసుకున్నాడు, ప్లాట్‌ఫారం మీద జోకులు కూడా వేశాడు. వాడికి వినబడలేదురా, అని నాతో మూడుసార్లు అన్నాడు.

2 జూన్

బుల్లమ్మగారు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది. ఆ రోజు బావ తన కొడుక్కి ఏ పక్కన ఉన్నాడని అడిగింది. ఆ ఒక్కటే.

నంబర్ టూ గన్నర్‌కి ఎడమ పక్కనే పడుకుంటాడు. అది డ్రిల్లు. బావే చెప్పాడు.

కుడి పక్కన అన్నాను.

అయితే ఇన్నాడు, అంది. నేను దాసీమన్నందుకు కాదు, అంది. పెట్టేసింది.

వాడు వినలేదని బావ, విన్నాడని ఆవిడ. ఇక వీళ్ళిద్దరూ ఎప్పటికీ కలవకూడదు.