వరండా మీద వట్టి రేకులు

శ్రీధర్, ఐర్లండ్‌లో, లిమరిక్ ఊరి బయట నువ్వు కాగితం మీద గీసిన ఇల్లు పూర్తయింది. తెల్ల గోడలు, నల్ల రేకుల కప్పు, అచ్చం నువ్వు కోరుకున్నట్టే. వీడియో కాల్‌లో మీ అమ్మ చూసి, "అంత దూరం పోయి కూడా రేకులిల్లేనా అమ్మా? స్లాబ్ వేయించుకోలేకపోయావా?" అంది. ఇక్కడ ఇదే ఫ్యాషనంటే నమ్మలేదు.

రేకుల కింద దళసరిగా దూది లాంటిది పరిచి, "వాన చప్పుడు అస్సలు వినపడదు, గ్రాండ్!" అన్నాడు బిల్డరు, ఇక్కడివాళ్ల ఊతపదంతో. నాకు ప్రాణం ఉసూరుమంది. చిన్నప్పుడు వానొస్తే మీ రేకులింట్లో ఒకరి మాట ఒకరికి వినపడేది కాదని ఎంత మురిపెంగా చెప్పేవాడివి! ఆ చప్పుడు కోసమే కదా ఈ కప్పు. అందుకే వరండా మీద మాత్రం వట్టి రేకులే వేయించాను. బిల్డరు నన్ను వింతగా చూశాడు.

నువ్వు పోయాక, మన పాప బెదిరిపోతుందని ఇంట్లో ఒక్కసారి కూడా గొంతెత్తి ఏడవలేదు. ఇవాళ మధ్యాహ్నం జోరున వాన. వరండాలో నిలబడి, గొంతు బొంగురుపోయేదాకా నిన్ను పేరుపెట్టి పిలిచాను.

వాన తెరిపిచ్చాక పాప తలుపు తీసి, "మామ్, డిడ్ యూ సే సమ్‌థింగ్?" అంది.

"లేదమ్మా, వాన" అన్నాను.