చిల్లు లేని మాచికాయ

నాచారం,
29 నవంబరు 2009, ఆదివారం.

అమ్మా దీపా,

ఫోనులో నా గొంతు దానంతటదే పెరుగుతుంది. కాగితం మీద పెరగదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. మీరు ముగ్గురూ మేడిపల్లి వెళ్ళి నేటికి నూట పన్నెండు రోజులు. పోచారం ఆఫీసు దగ్గరని అక్కడ ఇల్లు తీసుకున్నామని కళ్యాణ్ అందరికీ చెబుతున్నాడు. నా కొడుకు చెప్పిందే నేనూ చెబుతున్నాను. ఎదురింటి శారద మాత్రం నమ్మలేదు. "ఆఫీసు దూరమైతే పాప ఊయల కూడా విప్పుకుపోతారా పిన్నిగారూ?" అంది. తలుపు వేసుకున్నాను. ఊయల కొక్కెం ఇంకా స్లాబుకే ఉంది. మధ్యాహ్నం నడుం వాల్చితే కళ్ళు దాని మీదికే పోతాయి.

పెరటి మామిడికి ఈ ఏడు ఆకుల నిండా బుడిపెలు. తోరణానికి మచ్చలేని ఆకులే ఏరుతానని నీకు తెలుసు. ఈసారి దొరక్క, వంద ఆకులు కోసి లెక్కపెట్టాను. అరవై మూడింటికి బుడిపెలు. ముప్పై ఏళ్ళు బడిలో ప్రకృతిశాస్త్రం చెప్పి, పిల్లల చేత దీన్ని ఆకు తెగులని రాయించాను. ఒక్క బుడిపెనైనా కోసి చూడలేదు. మొన్న బ్లేడుతో కోసి భూతద్దం కింద పెట్టాను. లోపల నున్నటి గది. గదిలో ఆవగింజలో పావు వంతుండే పసుపుపచ్చని పురుగు పిల్ల. కదులుతోంది.

ఉప్పల్ గ్రంథాలయానికి వెళ్ళి పుస్తకం వెతికి చదివాను. ఈగ కంటే చిన్న పురుగు ఆకులో గుడ్డు పెట్టి వెళ్ళిపోతుందట. దాని చుట్టూ గోడ కట్టేది పురుగు కాదు, చెట్టేనట. చలిదేశాల్లో అడవి గులాబీ కొమ్మకు ఎర్రటి నాచుముద్దలాంటిది వస్తుందట. చూసినవాళ్ళు పువ్వనుకుంటారట. విప్పితే అన్నీ పురుగుల గదులే. బొమ్మ చాలా అందంగా ఉంది. దాని పక్క పేజీలో ఇంకో బొమ్మ ఉంది. దాని సంగతి ఇవాళ రాయలేను.

పాపకు ఏడు నెలల తొమ్మిది రోజులు. కూర్చుంటోందా?

అత్తయ్య,
త్రిపురసుందరి.


నాచారం,
13 డిసెంబరు 2009.

దీపా, నా తల్లీ,

జవాబు రాలేదు. రాయమని నేను అడగనూ లేదు.

ఆ పక్క పేజీలో బొమ్మ మాచికాయది. మన వంటింటి పైఅర సీసాలో ఉండేదే. అది కాయ కాదట. ఎక్కడో పడమటి దేశాల్లో ఓక్ అనే చెట్టు, తన కొమ్మలో పురుగు గుడ్డు పెడితే దాని చుట్టూ కట్టిన గూడట. మా అమ్మ విరేచనాలకు ఆ గూడునే అరగదీసి మాకు పోసింది. నేను కళ్యాణ్‌కు పోశాను. మూలికల కొట్టులో, "చిల్లున్నవి పుచ్చువి, తీసెయ్" అని కొట్టువాణ్ణి గదమాయించి, చిల్లు లేనివే ఏరుకునేదాన్ని. చిల్లంటే పురుగు లోపలికి దూరిన దారి అనుకున్నాను. కాదు, అది బయటికి పోయిన దారి. చిల్లు లేదంటే పురుగు లోపలే ఉన్నట్టు. నమ్మక, సీసాలోది ఒకటి రోకలితో పగలగొట్టాను. మధ్యలో ఉంది, ఎండిపోయి, రెక్కలతో సహా.

ఇక రాయక తప్పదు.

ఆగస్టు ఒకటి, శనివారం. పాపకు మూడు రోజులుగా విరేచనాలు. తల్లిపాలూ తను రాసిన పొడి కలిపిన నీళ్ళూ తప్ప ఇంకేదీ పట్టవద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. నువ్వు అలసిపోయి నిద్రపోతున్నావు. సాయం వచ్చిన మీ అమ్మ సాలమ్మగారు పెరట్లో పాప బట్టలు ఉతుకుతోంది. నేను సాన మీద మాచికాయ అరగదీసి ఉగ్గుగిన్నెతో పట్టాను. పది గంటలకు, ఒంటిగంటకు, నాలుగు గంటలకు. మూడుసార్లు. సాయంత్రానికి పాప పొట్ట ఉబ్బింది, పాలు కక్కింది. రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉన్నాం.

"ఎవరేం పట్టారు?" అని డాక్టరమ్మ అడిగింది. నేను మాట్లాడలేదు. మీ అమ్మ వైపు చూశాను. అంతే. నోటితో అబద్ధం ఆడలేదు కదా అని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. ఆ చూపు పట్టుకుని డాక్టరమ్మ మీ అమ్మను నలుగురిలో తిట్టింది. ఇంటికొచ్చాక నేనూ అన్నాను, "పల్లెటూరి వైద్యాలు మా ఇంట్లో పనికిరావు సాలమ్మగారూ" అని. ఆమె కాదని ఒక్క మాట అనలేదు. సంచి తీసుకుని ఉప్పల్ వెళ్ళిపోయింది. నా మాట పడలేక వారానికి నువ్వూ వెళ్ళావు.

నువ్వు వెళ్ళినందుకు కాదు నా బాధ. పాపను ఇప్పటికీ మీ అమ్మ చేతికి ఒంటరిగా ఇవ్వడం లేదని కళ్యాణ్ చెప్పాడు. ఆ శిక్ష నాది. ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించు.

త్రిపురసుందరి.


నాచారం,
5 జనవరి 2010.

దీపా,

మొన్న బంద్ రోజున పదకొండింటికి తలుపు చప్పుడైంది. చూస్తే మీ అమ్మ, చెమటతో తడిసి.

"బస్సుల్లేవు గద వదినె, ఉప్పల్ కెల్లి నడుసుకుంటనే వచ్చిన. జర మంచినీళ్ళియ్యి, నీ తిట్లు తర్వాత తింట" అంది.

నీళ్ళిచ్చి నిలబడ్డాను.

"దీప ఉత్తరం సదివింది."

"ఏడ్చిందా?"

"ఏడ్సింది. పిల్లను నా ఒడిల పెట్టి లోపలికి పోయి మస్తు ఏడ్సింది. నాకేం కొత్త ముచ్చట గాదు. ఆనాడే ఎరుక. బట్టలారేసి వంటింట్లకొస్తే సానరాయి తడిగుండె."

"మరి దవాఖానాలో ఎందుకు చెప్పలేదు?"

"ఏమని జెప్పాలె? పెద్ద టీచరమ్మవు. గా డాక్టరమ్మ నిన్ను గట్ల నలుగుట్ల అంటుంటే సూడబుద్ది గాలే. నాకు ఫ్యాక్టరీల పనికి పోయి తిట్లు తిని అలవాటే." నవ్వింది. "ఇంకోటి జెప్తె కొట్టవు గద? నువ్వు తాపకుంటే నేనే తాపేదాన్ని. గందుకే కొంగుల ముడేసుకొనొచ్చిన. సాన తడి జూసి ఊకున్న."

కొంగు ముడి విప్పింది. అయిదు నెలలుగా అదే చీరలో ఉందో, నాకు చూపించడానికే తెచ్చిందో అడగలేదు. నల్లని మాచికాయ. దానికి గుండుసూది తల అంత చిల్లు.

"చిల్లుంది కదా" అన్నాను.

"చిల్లుంటేనే మంచిది. లోపలిది ఎల్లిపోయినట్టు గద. మా అవ్వ గట్లనే ఏరుతుండె. ఏంది వదినె, ముప్పై ఏండ్లు సదువు జెప్పినవు, గిదెరుకలేదా?"

"లేదు వదినా" అన్నాను. ఆమెను అలా పిలవడం ఇదే మొదటిసారి. తరువాత నేను ఏడ్చాను. ఆమె పట్టించుకోనట్టు పెరట్లోకి వెళ్ళి మామిడాకులు చూసి, "గిన్ని పురుగులున్నా చెట్టుకేం కాలే" అంది. అన్నం పెట్టాను. పప్పులో ఉప్పు చాలలేదని చెప్పింది.

ఆమె క్షమించింది కాబట్టి నువ్వూ క్షమించాలని రాయడం లేదు. ఆ డాక్టరమ్మ దగ్గరికి నిన్న వెళ్ళి జరిగింది చెప్పి వచ్చాను. ఆమెకు గుర్తు లేదు. అయినా చెప్పాను.

పదో తేదీ ఆదివారం మేడిపల్లి వస్తాను. మీ గుమ్మం బయట నిలబడి "లోపలికి రావచ్చా" అని అడుగుతాను. ఆ మాట వేలమంది పిల్లల చేత అనిపించాను కానీ నేను ఎవరినీ అడగలేదు. వద్దంటే వెనక్కి వస్తాను, నీ మీద కోపం తెచ్చుకోను. రమ్మంటే పాపను దూరం నుంచి చూస్తాను. ఎత్తుకోమని నువ్వు చెప్పేదాకా ఎత్తుకోను.

సంచి తీసుకురాను. కొంగున ఏమీ కట్టుకోను. ఉత్త చేతులతో వస్తాను.

నీ గుమ్మం బయటి మనిషి,
త్రిపురసుందరి.