దూలం మొదటి కొస

1992 సెప్టెంబర్ 18
మట్టి గోడలు పూర్తయ్యాయి. చెల్లి ఛ్నార్ టెంట్‌లోంచి పరుపులు అప్పుడే లోపలికి మోసేసింది. కప్పు లేని ఇంట్లో పరుపులేమిటే అని తిట్టాను. నక్షత్రాలు చూస్తూ పడుకుంటుందట.

పాత పునాది మీదే కట్టాం. నాలుగేళ్ళ కిందట సైన్యం మా ఊరిని బుల్డోజర్లతో నేలమట్టం చేసి, అమ్మనీ నాన్ననీ అందరితో పాటు లారీలెక్కించుకుని పోయింది. మేమిద్దరం ఆ వారం సులేమానియా పట్నంలో అమ్మమ్మ దగ్గరున్నాం. అందుకే మిగిలాం. మాలాగే మిగిలిన కొందరు ఇప్పుడు ఊరికి తిరిగొచ్చారు. అమ్మానాన్నల శవాలు దొరకలేదు, కాబట్టి చనిపోలేదు. అమ్మమ్మ పోయినప్పుడు మూడు రోజులు పరామర్శకి కూర్చున్నాం. వీళ్ళకి కూర్చోలేదు, కూర్చోం కూడా.

సెప్టెంబర్ 25
ట్రాక్టర్ మీద దూలం వచ్చింది. వంకర లేని మాను. ఛ్నార్ దాని మీదెక్కి ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచింది.

నడిదూలం మొదటి కొస ఇంటిపెద్ద ఎత్తాలి. ఆ తర్వాతే ఊరు చెయ్యి వేస్తుంది. ఇంటిపెద్ద నాన్న. నేనెత్తానంటే ఆయనిక రాడని నా నోటితో నేనే చెప్పినట్టు. ఎత్తను. ఆయనే వచ్చి ఎత్తుతాడు.

అక్టోబర్ 4
దూలం ఎత్తనన్నానని ఛ్నార్ నాతో మాట్లాడటం లేదు. ప్రశాంతంగా ఉంది. అబద్ధం, అస్సలు బాగాలేదు.

అక్టోబర్ 11
పక్కింటి హప్సా అత్త వచ్చింది. ఆవిడ ముగ్గురు కొడుకులూ అవే లారీల్లో పోయారు. టీలో చక్కెర తక్కువంది, నా జుట్టు గడ్డివాములా ఉందంది. దూలానికి చెదలు పట్టేదాకా కాపలా కాస్తావా అనడిగింది. నీ పని నువ్వు చూసుకో అన్నాను. పెద్దావిణ్ణి అలా అనకూడదు. ఆవిడ మాత్రం నవ్వి, ఇంకో గ్లాసు టీ పోసుకుంది.

అక్టోబర్ 29, తెల్లవారుజాము
వాన.

సాయంత్రం
తూర్పు గోడ పైవరసలు జారి బురదైపోయాయి. పరుపులు మళ్ళీ టెంట్‌లోకి. ఛ్నార్‌కి జ్వరం, ఒళ్ళు కాలిపోతోంది. అమ్మ వస్తే ఈ బురద చూసి ముందు నిన్నే వాయిస్తుంది అంది. ఇన్నాళ్ళకి నోరు విప్పి అన్న మాట అదీ. ఏడుపొచ్చింది. ఇంకో రెండు వానలు పడితే గోడలు మిగలవు.

అక్టోబర్ 31
నేను నీళ్ళకి వెళ్ళొచ్చేసరికి, ఛ్నార్ దుప్పటి కప్పుకుని గోడెక్కి ఊరంతటినీ కేకేస్తోంది. దిగవే అంటే దిగదు. జనం పారలు పట్టుకుని రానే వచ్చారు. గడ్డీ మట్టీ కలిపి తొక్కి, మధ్యాహ్నానికల్లా గోడ నిలబెట్టేశారు. తర్వాత అందరూ దూలం దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. ఒక్కరూ ముట్టుకోలేదు. నా వైపు చూస్తున్నారు. నేను నేలకేసి చూస్తున్నాను.

హప్సా అత్త బురద చేత్తోనే నా భుజం పట్టుకుంది.

“నా దూలం నేనెత్తుకున్నానంటే నా కొడుకులు చచ్చారనా పిల్లా? రేపొచ్చినోళ్ళని వాన్లో కూచోబెడతావా?”

దూలం మొదటి కొస దగ్గరికి వెళ్ళాను. వంగాను. ఎంత బరువో! మోకాళ్ళదాకా లేపగలిగానో లేదో, అటూ ఇటూ ఎన్ని చేతులొచ్చాయో లెక్కలేదు. ఒక్కసారిగా తేలికైపోయింది. పైన కూర్చోబెట్టేదాకా ఏడుస్తూనే ఉన్నాను. మట్టి పడింది కంట్లో అన్నాను. ఎవరూ నమ్మలేదు.

నవంబర్ 3
రెల్లు పరిచి, మట్టి వేసి, రాతి రోలరు దొర్లించాం. అందరికీ ద్రాక్షాకుల్లో బియ్యం చుట్టి డోల్మా వండాను. కంగారులో ఉప్పు రెండుసార్లు వేశాను. హప్సా అత్త తింటూ, నిన్ను చేసుకునేవాడు బావి పక్కనే కాపురం పెట్టాలి అంది. గిన్నె మాత్రం ఖాళీ చేసి పోయింది. ఛ్నార్ నవ్వింది. జ్వరం తగ్గింది.

డిసెంబర్ 12
మంచు. కప్పు తట్టుకుంది. ఛ్నార్ తలుపు గడియ పెట్టింది.

అమ్మా నాన్నా వస్తే ఇక తలుపు తట్టాలి. తీస్తాం.