గ్లోరియా పాట అందుకున్నప్పుడు

ఏమండీ,

మీరు పోయి నేటికి ఏడాది. ఆసుపత్రి పని లేని ప్రతి శనివారం మీరు వెళ్లి స్టేజీ సెట్లకు రంగులు వేసి వచ్చిన న్యూఆర్క్‌లోని నల్లజాతివారి నాటక సమాజం ఈరోజు కొత్త సీజన్ ప్రకటించింది. ఆ సభకు నేను మొదటిసారి వెళ్లాను. మూడు నాటకాలు, రెండు సంగీత నాటకాలు వేస్తారట.

వాళ్ల కోరస్‌లో పాడే గ్లోరియా, స్కూల్ బస్ నడుపుతుందట, మైకు లేకుండా ఒక పాట అందుకుంది. హాలంతా లేచి నిలబడింది. నాకు తెలియకుండానే నేనూ లేచాను. మనిషి గొంతుకు అంత బలం ఉంటుందని ఇన్నేళ్లూ నాకు తెలియదు. ఆ శనివారాలు మీరు ఇంటికొచ్చి మాటా పలుకూ లేకుండా ఎందుకు కూర్చునేవారో అర్థమైంది.

తర్వాత ఆమె నా చేతులు పట్టుకుని, "డాక్టర్‌గారి వైఫ్ కదా! మా కోరస్‌లో పాడండి" అంది.

"నా ఇంగ్లిష్ అంతంతమాత్రం."

"పాడటానికి గొంతు చాలు, హనీ."

సరేనన్నాను. సోమవారం రిహార్సల్. మన ఊరు ఎడిసన్ నుంచి న్యూఆర్క్‌కు ట్రైన్‌లో ఒక్కదాన్నే వెళ్తాను.