చెలమ నీళ్ళ తలంటు

1961, కార్తీకం, ఆదివారం

సబ్బుతో తలంటీ అంటీ మనవరాలు సుబ్బులు జుట్టు గుప్పెళ్ళుగా ఊడిపోతావుంది. పిల్ల దువ్వెన చూసి ఏడ్చింది. కుంకుడుకాయలు తెచ్చిస్తే కోడలు, "నురగే రాలా మామా, నీ కాలం సరుకు నీతోనే సరి" అనింది. రోషమొచ్చింది నాకు. ఉప్పుబావి నీళ్ళలో నానేస్తే నురగ ఎట్టా వస్తాది?

మా ముసిల్ది బతికున్నన్నాళ్ళూ ఇసకదిబ్బ పక్కన చెలమ తవ్వి, తీపినీళ్ళు తెచ్చి తలంటేది. ఈ పొద్దు ఆ చోటే నేను తవ్వి, బిందె భుజానికెత్తుకున్నాను. వలల కాడ కోటయ్య, "ఏందన్నా, ఆడోళ్ళ పని పట్టినావే!" అని నవ్వినాడు. "బోడిగుండోడివి, నీకేం తెలుసురా" అన్నాను.

కుంకుడు నురగ పొంగింది. మందారాకు నూరి పట్టించినాము. సుబ్బులు తడిజుట్టుతో నా పక్కన కూర్చుంటే ఆ వాసనకి ముసిల్ది వచ్చినట్టే అయింది. ఊడేది ఆగుతాదో లేదో ఇంకా తెలీదు.

మాపటేళ కోడలు బిందె పట్టుకొచ్చి, "ఆ చెలమ ఏడుంది మామా?" అని అడిగింది. ఇన్నాళ్ళూ ఆ చోటు ముసిల్దానికీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. ముందు నడిచి చూపించినాను.