బావ కారు జబ్బు

బావా,

ముందు కూర్చో. పోయిన నీ పాత కారు దొరికింది! నేను వెతకనేలేదు, దొంగే నిన్న నా షెడ్డుకి తోసుకొచ్చాడు. "స్టార్టవట్లేదు మేస్త్రీ, కాస్త చూడండి" అన్నాడు. రంగు మార్చాడు, నంబరు మార్చాడు. నేను పోల్చుకోలేదు. అలవాటు కొద్దీ జబ్బంతా నయం చేసేశాక, ఫ్యూజు స్థానంలో అక్క తలపిన్ను కనబడింది. అది నీ కారే! వాడు బయట టీ తాగుతుంటే పోలీసులకి కబురు పంపాను.

"మా తాతగారి కారు సార్" అంటూ వాడు ఇన్‌స్పెక్టరు ముందు కళ్ళు తుడుచుకున్నాడు. కాగితాలు కారుతోపాటే పోయాయి కదా! నేనూ తగ్గలేదు. "మా బావ తప్ప దీన్నెవరూ స్టార్ట్ చెయ్యలేరు సార్" అనేశాను.

"అయితే ఆదివారం పదింటికి ఇద్దరూ తాళం తిప్పండి. ఎవరికి స్టార్టయితే వాళ్ళదే" అన్నాడాయన.

ఆయన వెళ్ళాక గుర్తొచ్చింది, దాన్ని నేనే బాగుచేసేశానని. ఇప్పుడు చంటిపిల్ల తిప్పినా స్టార్టవుతుంది!

అందుకని పొద్దుట్నుంచీ నీ కారుని మళ్ళీ పాడుచేస్తున్నాను. ఏది ఎంత వదులుగా ఉండేదో గుర్తుచేసుకుని అంతే వదులు చేశాను. పిన్నూ పెట్టేశాను. ఇంత శ్రద్ధగా ఏ బండినీ బాగుచెయ్యలేదు బావా.

ఈ ఉత్తరం తెచ్చిన కానిస్టేబులుతోనే బయల్దేరు. తాళంచెవి మర్చిపోయినా ఫర్వాలేదు. స్టార్టవడానికి డ్యాష్‌బోర్డు కింద చెప్పుతో మూడు దెబ్బలేస్తావే, ఆ పాత చెప్పులే వేసుకుని రా. కొత్తవి తొడుక్కొచ్చావో, కారు వాడిదే!

నీ బావమరిది