మా పిచ్చుక పాట, నా పికప్పుల గోల

సోమవారం, సాయంత్రం

తీర్మానం అయిపోయింది! గిటారుకి పికప్పులు మార్చేస్తున్నాను.

పికప్పులంటే తీగల కింద ఉండే అయస్కాంతాలు. తీగ వణికితే ఆ వణుకుని పట్టుకుని వైరు గుండా స్పీకరు పెట్టెలోకి పంపేది అవే. నా గిటారు శబ్దం మసకగా ఉండటానికి కారణం అవేనని ఈ రోజు తేలింది. తేల్చింది నేనే.

గొడవ ఎక్కడ మొదలైందంటే, మా అమ్మాయి వచ్చే వారం శనివారం స్కూలు వార్షికోత్సవంలో పాడుతోంది. మొట్టమొదటిసారి స్టేజీ మీద. అందరూ దాన్ని పిచ్చుక అంటారు, నోరు మూయదు కాబట్టి. పక్కన గిటారు నేనేనని నా అంతట నేనే అనుకుని, కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాను. ఈ రోజు స్కూలు నుంచి వచ్చి బ్యాగు కూడా దించకుండా, "నాన్నా, ఏమీ అనుకోకు. నీ గిటారు గుడగుడమంటోంది తప్ప ఏం వినపడట్లేదు. నేను ఫోన్లో ట్రాక్ పెట్టుకుని పాడతాలే" అంది.

ఏమీ అనుకోకు అంటే ఎలా? బోలెడు అనుకున్నాను.

చివరికి బేరం కుదిరింది. పక్కన ఎవరు వాయిస్తారో వచ్చే సోమవారం టీచరుకి చెప్పాలట. ఆలోగా గిటారు బాగుపడితే నేను. లేకపోతే ఫోను!

నియమాలు:
1. ఒక్క జత పికప్పులే కొనాలి. ఒక్కటే!
2. వీడియోలు చూస్తూ కూర్చోకూడదు.
3. రోజూ అరగంట సాధన. పాట మధ్యలో నా వేళ్ళు తడబడే ఆ చోటుతో సహా.

ఇది రాస్తుంటే అత్తయ్యగారు వచ్చి స్పీకరు పెట్టె తొడుగు దులిపి వెళ్ళారు. మా ఆవిడ వాళ్ళమ్మ, మాతోనే ఉంటారు. ఇంట్లో మిక్సీకి, రిమోట్‌కి, ఇస్త్రీపెట్టెకి, చివరికి నా టూల్‌బాక్సుకి కూడా ఆవిడే తొడుగులు కుట్టారు. స్పీకరు పెట్టెదైతే లోపల మందంగా దూది, ముందువైపు పెద్ద పొద్దుతిరుగుడు పువ్వు, పైన శబ్దం పెంచే మరలు తిప్పుకోవడానికి గుండీ పెట్టిన చిన్న కిటికీ, వైరు దూరడానికి అంచు కుట్టిన కన్నం. తియ్యాల్సిన పనే లేదు. కుట్టిన నాటి నుంచి తీసిందీ లేదు.

రేపటి నుంచి మొదలు. గాల్లో తేలిపోతున్నాను!

మంగళవారం, షాపులో

నాది కళ్ళద్దాల షాపు. పొద్దున్నే ఒకావిడ కంగారుగా వచ్చింది. "అన్నీ మసగ్గా కనపడుతున్నాయండీ. నంబరు పెరిగిపోయినట్టుంది" అంది. అద్దాలు తీసుకుని, రెండు చుక్కలు జల్లి తుడిచిచ్చాను. పెట్టుకుని చూసి నాలిక కరుచుకుంది.

"ముందు తుడవాలండీ. నంబరు సంగతి ఆ తర్వాత" అన్నాను. ఈ మాట వారానికి పదిమందికైనా చెప్తాను. జనానికి ఎంత తొందరో!

ఆ తర్వాత ఖాళీ దొరికింది. ఒక్క వీడియో చూశాను. అవగాహన కోసం. అందులోవాడు పికప్పులు రెండు రకాలన్నాడు, లోపల రాగితీగ చుట్ట ఒకటే ఉన్నవి, జంటగా ఉన్నవి. రెండో వీడియోలోవాడు మొదటివాడికి ఏమీ తెలియదన్నాడు. మూడోవాడు ఇద్దరినీ తిట్టాడు. అలాంటప్పుడు మధ్యలో వదిలేస్తే అన్యాయం కదా. సాయంత్రం దాకా చూశాను. రెండో నియమం పోయింది. అయితే అది మరీ కఠినంగా పెట్టుకున్న నియమం.

సాధన: లేదు. కొత్త పికప్పులు రాకముందు సాధన చేస్తే చేతికి పాత శబ్దం అలవాటైపోతుంది.

బుధవారం, సాయంత్రం

గిటార్ల షాపుకి వెళ్ళాను. అక్కడాయనకి నేను వెన్నాయన అని పేరు పెట్టాను. ఆయన నోట శబ్దం గురించి మాట వస్తే తిండి గురించే వస్తుంది.

"ఇది వెన్నండీ. చెవిలో వేస్తే కరిగిపోద్ది" అన్నాడు ఒక డబ్బా తెరిచి.

"మరి అది?"

"అది కరకర. ఇప్పుడే వేయించి దించినట్టుంటది. మీది ముందు వాయించండి, ఏం తక్కువైందో చూద్దాం."

నా గిటారుని ఆయన పెట్టెకి తగిలించి వాయించాను. ఆశ్చర్యం! గణగణమంది, ఒక్కో తీగ విడివిడిగా! వెన్నాయన బుర్ర గోక్కున్నాడు.

"బాగానే ఉందిగా సార్?"

"మీ షాపులో గోడలు మంచివి. ఇంట్లో ఇలా రాదు" అన్నాను.

వెన్న జత తెచ్చుకున్నాను. నచ్చకపోతే తిరిగి తెచ్చెయ్యమన్నాడు, మంచి మనిషి.

గురువారం, మధ్యాహ్నం

షాపు మూసి ఇంటికొచ్చాను. భోజనాల బల్ల మీద ఆపరేషను. కళ్ళజోడు స్క్రూలు బిగించే చేతికి ఇదొక లెక్కా?

లెక్కే. వేలు కాలింది. టంకం చుక్క బల్లమీద పడి మచ్చయింది. అత్తయ్యగారు వచ్చి కొలత తీసుకుని వెళ్ళారు. బల్లకి తొడుగు వస్తోంది.

అన్నీ బిగించాక తీగ మీటాను. నిశ్శబ్దం! నల్ల వైరు ఉండాల్సిన చోట తెల్ల వైరు, తెల్లది ఉండాల్సిన చోట ఏమీ లేదు. మళ్ళీ విప్పాను. మళ్ళీ కాలింది. ఈసారి పక్క వేలు.

సాధన: వేళ్ళకి మందు రాసుకున్నాను. డాక్టరు ఉంటే విశ్రాంతి తీసుకోమనేవాడు.

శుక్రవారం, సాయంత్రం

పరీక్ష! ఒకటి పాత పికప్పు, ఒకటి కొత్తది బిగించి, ముగ్గురినీ సోఫాలో కూర్చోబెట్టి కళ్ళకి గంతలు కట్టాను. పికప్పు మార్చే మీట అటూ ఇటూ తిప్పుతూ షాపులో అడిగినట్టే అడిగాను. "ఇది బాగుందా... ఇదా? మళ్ళీ చూడండి. ఒకటా... రెండా?"

"ఒకటి" అంది మా ఆవిడ. మళ్ళీ అదే వాయిస్తే "రెండు" అంది. "ఏమండీ, పొయ్యి మీద పాలున్నాయి, త్వరగా ఏదో ఒకటి చెప్పండి, అదే బాగుందంటాను."

అత్తయ్యగారు, "రెండూ బంగారంలా ఉన్నాయి అల్లుడుగారూ. చెవికి గుచ్చుకోకుండా ఎంత మెత్తగా వస్తోందో!" అన్నారు.

పిచ్చుక గంత విప్పేసింది. "రెండూ ఒకటే నాన్నా. ఎవరో దుప్పటి ముసుగేసుకుని మాట్లాడుతున్నట్టుంది."

దుప్పటి! సరిగ్గా చెప్పింది పిల్ల. ఎంత చక్కటి చెవి! వెన్న పికప్పులో దుప్పటి గుణం ఉందన్నమాట. రేపే మార్చేస్తాను.

శనివారం

వెన్న ఇచ్చేసి కరకర తెచ్చాను. ఇది రెండో జత కాదు. మొదటి జత తిరిగి ఇచ్చేశాను కాబట్టి ఇదే మొదటిది. నియమం చెక్కు చెదరలేదు.

బిగించాను. వాయించాను. కరకర లేదు సరికదా, బురదలో చెప్పు ఇరుక్కున్నట్టు అదే చప్పుడు. మరలన్నీ చివరిదాకా తిప్పాను. లోపల ఏదో జోరీగ మేలుకుంది.

"వాయించడం ఎప్పుడు నేర్చుకుంటారు?" అంది మా ఆవిడ గుమ్మంలో నిలబడి.

"శబ్దం కుదరందే వాయించి ఏం లాభం?"

"వారం నుంచి చూస్తున్నాను. ఆ గిటారు కడుపు కోసినన్నిసార్లు తీగ ముట్టుకోలేదు మీరు."

అరికాలి మంట నెత్తికెక్కింది. నీకు సంగీతం తెలియదన్నాను. అనకుండా ఉండాల్సింది. తను కాఫీ తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. కాఫీలో చక్కెర లేదు. అడిగే ధైర్యం నాకూ లేదు.

ఆదివారం, సాయంత్రం

వెన్నాయన నన్ను దూరం నుంచే చూసి లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు. అయినా వదల్లేదు. కరకర జత ఆయన చేతిలో పెట్టి, ఇంకేముందని అడిగాను.

"సార్, నా దగ్గరున్న తిండంతా అయిపోయింది" అన్నాడు దండం పెట్టి.

ఇంటికొచ్చి పాత పికప్పులే మళ్ళీ బిగించాను. ఎందుకంటే గోడకి తగిలించేటప్పుడు గిటారు కడుపు ఖాళీగా ఉంటే చూడలేను. తీగ కూడా మీటలేదు.

పిచ్చుక వచ్చి పక్కన కూర్చుంది. "నాన్నా, రేపు టీచరుకి ట్రాక్ అనే చెప్పేస్తాను. నువ్వు ముందు వరసలో కూర్చుని గట్టిగా చప్పట్లు కొట్టు. సరేనా?" నా కాలిన వేలు పట్టుకుని ఊదింది కూడా.

సరే అన్నాను. ఏడుపొచ్చింది. మాటలు రాని వయసులో ఇదే గిటారు పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నిద్రపోయేది. అప్పుడు దానికి ఏ పికప్పూ అక్కర్లేదు. ఇప్పుడు ఫోను చాలట. నేను చేతులెత్తేశాను. తీర్మానం రద్దు.

సోమవారం, పొద్దున్నే

గిటారు గోడకెక్కించే ముందు ఆఖరుసారి పెట్టెకి తగిలించి ఒక్కసారి మీటాను.

ఠంగ్‌మంది! కిటికీ అద్దాలు అదిరాయి! మా ఆవిడ వంటింట్లోంచి, పిచ్చుక నోట్లో బ్రష్షుతో పరుగెత్తుకొచ్చారు.

"చూశారా! పాత పికప్పులకి బుద్ధొచ్చింది! భయపెడితే దారిలోకొచ్చాయి!" అని ఎగిరాను.

మా ఆవిడ కిటికీలోంచి బయటికి వేలు చూపించింది. దండెం మీద మిక్సీ తొడుగు, రిమోట్ తొడుగు, బల్ల కొత్త తొడుగు. వాటి మధ్య నీళ్ళోడుతూ పొద్దుతిరుగుడు పువ్వు. అత్తయ్యగారు తెల్లారే తొడుగులన్నీ ఉతికేశారు.

నా పెట్టె వంక చూశాను. తొడుగు లేకుండా దాని మొహం చూసి ఎన్నాళ్ళయిందో. శబ్దం బయటికొచ్చే మొహాన్నే ఇన్నాళ్ళూ దూదితో మూసి, నేను గిటారు కడుపు కోస్తున్నాను!

మా ఆవిడ గొంతు సవరించుకుని, అచ్చం నాలాగే అంది. "ముందు తుడవాలండీ. నంబరు సంగతి ఆ తర్వాత."

నవ్వీ నవ్వీ కూలబడింది. నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాను? సంగీతం నీకే తెలుసన్నాను. కాఫీలో రెండు చెంచాల చక్కెర పడింది.

ఆనందం మీద పాటంతా వాయించాను. పిచ్చుక బ్రష్షు తీసి, "నాన్నా, ఆ మధ్యలో నువ్వు ఎప్పుడూ తప్పే వాయిస్తావా?" అంది.

దూది ఉన్నన్నాళ్ళూ ఆ తప్పు దూదిలోనే ఉండిపోయింది. ఇప్పుడు వీధి చివరిదాకా వినపడుతోంది.

"మరయితే ట్రాకే పెట్టుకుంటావా?" అడిగాను.

పిచ్చుక ఆలోచించింది. "ట్రాక్ అయితే నేను మర్చిపోయినా అది వెళ్ళిపోతుంది. నువ్వయితే ఆగుతావుగా. నీ పేరే చెప్తా."

గురువారం

తొడుగు ఆరింది, పెట్టెకెక్కింది. అత్తయ్యగారికి చెప్పే మొనగాడు ఇంట్లో లేడు. అందుకని సాయంత్రం ఆవిడ నడకకి వెళ్ళగానే నేనూ పిచ్చుకా తొడుగు విప్పుతాం. గేటు చప్పుడవగానే తొడిగేస్తాం. సాధన ఆ మధ్యలో. మొన్న బాగా జరిగింది. నిన్న వాన, ఆవిడ నడకకి వెళ్ళలేదు. ఈ రోజు మోకాలి నొప్పట. ఆ మధ్యలో చోటు ఇంకా కుదరలేదు.

శనివారం, ఫంక్షను నుంచి వచ్చాక

స్కూలు పెట్టెకి తగిలించి వాయించాను. పిచ్చుక పాడుతుంటే హాలంతా గప్‌చుప్. ఆ చోటు రానే వచ్చింది. నా వేళ్ళు తడబడ్డాయి. పూర్తిగా ఆగిపోయాను.

పిచ్చుక ఒక్క మాట కూడా మర్చిపోలేదు. కానీ నా వంక చూసి, పాడుతున్న ఆ అక్షరాన్నే పట్టుకుని సాగదీసింది. నేను వేళ్ళు వెతుక్కునేదాకా సాగదీస్తూనే ఉంది. నేను అందుకున్నాకే ముందుకెళ్ళింది. జనం అదేదో గొప్ప గమకం అనుకుని చప్పట్లు కొట్టారు.

నా బంగారు తల్లి నాకోసం ఆగింది.

ఆదివారం, మధ్యాహ్నం

అత్తయ్యగారు నిన్నటి నుంచీ ఒకటే మాట. "మన పెట్టె కంటే ఆ స్కూలు పెట్టె గట్టిగా మోగింది అల్లుడుగారూ. చెవులు గింగిర్లెత్తాయి. పాపం, దానికి కట్టూ బొట్టూ లేదు." ఫంక్షను అయ్యాక టీచరుతో మాట్లాడి, కొలతలు కూడా తీసుకొచ్చారట. స్కూలు పెట్టెకీ తొడుగు కుడుతున్నారు. పిల్లల చెవులు కాబట్టి దూది ఇంకో పొర వేస్తారట.

"పువ్వు ఏ రంగైతే బాగుంటుందంటారు?" అని నన్నడిగారు.

చెప్పెయ్యాలనే నోరు తెరిచాను. మా ఆవిడ నన్నే చూస్తోంది. పిచ్చుకా నన్నే చూస్తోంది.

"ఎరుపు బాగుంటుందండీ" అన్నాను.

కొత్త తీర్మానం. రేపటి నుంచి ఖాయం!
1. అత్తయ్యగారికి నిజం చెప్పాలి.
2. వాన పడినా, మోకాలు నొప్పెట్టినా రోజూ అరగంట సాధన.
3. గిటారులో ఇక ఏ భాగమూ మార్చను.

తీగలు భాగం కిందకి రావని వెన్నాయన ఫోన్లో చెప్పాడు. కొత్తవి వచ్చాయట, తేనెలా ఉంటాయట. సాయంత్రం ఊరికే చూసొస్తాను.